కంటి ఆపరేషన్ల చందా: ఏ లెక్క నమ్మాలి?

శుక్లాల ఆపరేషన్ల కోసం చందాలు ఎత్తే సంఘాలు తమ పనిని మూడు లెక్కల్లో చూపిస్తాయి: ఎంత వసూలైంది, ఆఫీసు ఖర్చు ఎంత శాతం, ఎన్ని కళ్లకు చూపొచ్చింది. మూడోది తేల్చడం కష్టం. అయినా దాత పట్టుబట్టి అడగాల్సింది దాన్నే.

ఒక విందు కార్యక్రమంలో 10 లక్షలు వసూలయ్యాయనుకుందాం. హాలు, భోజనాలు, స్టేజీ, జ్ఞాపికలకు 4 లక్షలు పోతే మిగిలేది 6. అందులో ఏటా ఎలాగూ ఇచ్చేవాళ్ల సొమ్మే 3 లక్షలుంటే, విందు కొత్తగా తెచ్చింది 3 లక్షలే. నిరుటి దాతల జాబితాను ఈ ఏటి రసీదులతో పోల్చి చూస్తే ఇది తేలిపోతుంది.

ఆఫీసు ఖర్చు శాతం దుబారాను పట్టిస్తుంది, అంతవరకు మంచిదే. విదేశీ విరాళాల చట్టం 2020 సవరణతో ఆ ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ నిధుల్లో అది 5 శాతం. కానీ శాతం తగ్గించాలని ఫాలోఅప్ చూసే ఉద్యోగిని తీసేస్తే, ఆపరేషన్ అయిన ముసలమ్మ కంట్లో చీము పట్టినా పట్టించుకునే మనిషి ఉండడు. లెక్క మాత్రం ముచ్చటగా కనిపిస్తుంది.

ఇక చూపు లెక్క. మిగిలిన 6 లక్షలతో, ఒక్కోదానికి 3,000 చొప్పున 200 ఆపరేషన్లు జరిగాయనుకోండి. ఆరు వారాలకు 140 మంది తిరిగొచ్చారు, వాళ్లలో 119 మందికి 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచి కనిపించడం) లేదా అంతకన్నా మెరుగైన చూపుంది. అంటే 85 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది కనీసం 80. కానీ రాని 60 మంది సంగతి? వాళ్లను వదిలేసి 85 అని రాయడం తప్పు. అందరూ చూపు పోగొట్టుకున్నారనుకోవడమూ తప్పే. బాగా కనిపిస్తోందని రానివాళ్లుంటారు, బస్సు ఛార్జీల్లేక రానివాళ్లూ ఉంటారు. ఇప్పటికి రుజువైన 119 కళ్లకు దాతలిచ్చిన 10 లక్షలను పంచితే కన్నుకు దాదాపు 8,400. బ్యానర్ మీద వేసే 3,000 కాదు.

ఇంకో చిక్కుంది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం స్వచ్ఛంద సంస్థలకు ఆపరేషన్‌కు ఇంతని గ్రాంటు ఇస్తుంది. గ్రాంటు తీసుకున్న ఆపరేషన్‌ను దాతల ఖాతాలోనూ పూర్తిగా రాస్తే ఒకే కన్ను రెండుసార్లు లెక్కకొస్తుంది. రెండు రిజిస్టర్లలోనూ రోగి నంబరు ఒకటే ఉంటే దొరికిపోతుంది.

రాని 60 మంది సంగతి తేలాలంటే, వాళ్లలో చీటీలు తీసి 15 మంది ఇళ్లకు వెళ్లాలి. పగటి వెలుతురులో, టేపుతో కొలిచిన 6 మీటర్ల దూరంలో చూపు పరీక్షించే అక్షరాల చార్టు పెట్టాలి. చదువు రానివాళ్లకు ఇంగ్లిష్ ‘E’ గుర్తులు తలో వైపు తిరిగి ఉండే చార్టు, ఏ వైపు తిరిగిందో చూపిస్తే చాలు. కళ్లజోడుంటే పెట్టుకునే చూడమనాలి. రెండో కంటిని అరచేత్తో మూయించాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి ఆ కన్నే చదివేస్తుంది, ఆపరేషన్ చేసిన కన్ను బాగుందని రాసేస్తారు.