నాలుగేళ్లు వాడిన నెట్‌వర్క్ ప్రింటర్: ప్రింటుకు వంక లేదు, అడ్రస్సుతోనే తంటా

2021 జూన్‌లో కొన్నాను దీన్ని. నరసరావుపేటలో మాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. ఇది బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్. స్కానర్ ఉంది, వైఫై ఉంది, లాన్ కేబుల్ పెట్టుకునే చోటుంది, కాగితం రెండు వైపులా తనే కొట్టేస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గొడవ ఆ ఒక్క కంపెనీది కాదు, పక్క వీధి షాపులో వేరే కంపెనీది ఉంది, వాళ్లూ ఇదే ఏడుపు. ఈ రోజు పొద్దున కౌంటరు చూస్తే 86,412 పేజీలు.

ప్రింటు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. హాల్ టికెట్లు, 1బి, అడంగల్, ఆధార్, బస్సు టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఏదైనా అక్షరం కత్తిలా వస్తుంది. ఫొటోలు మాత్రం మసి. మొదటి టోనర్ కంపెనీది, ఆ తర్వాతంతా రీఫిల్లే. డ్రమ్ము, పికప్ రోలర్ అరిగినప్పుడల్లా మార్చాను, అవి అరిగేవే. ఈ నాలుగేళ్లలో నా ప్రాణం తీసింది ఇవేవీ కాదు, దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు.

కొన్న రోజు ఫోన్‌లో కంపెనీ యాప్ వేసుకుని, వైఫై పాస్‌వర్డ్ కొట్టి, ఓకే ఓకే అనుకుంటూ పోతే అయిదు నిమిషాల్లో పనైపోయింది. రెండు కంప్యూటర్లలోనూ ప్రింటర్ దానంతటదే కనిపించింది. అడ్రస్ ఎంత అని ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఏడాది దాకా హాయిగా నడిచింది కూడా.

తర్వాత ఇంటర్ హాల్ టికెట్లు వదిలిన ఒక రోజు, షాపు నిండా పిల్లలు, కరెంటు పోయి వచ్చింది. ప్రింటర్ డిస్‌ప్లే మీద రెడీ అని ఉంది. కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ అని ఉంది. మా షాపు కుర్రాడు ప్రింటర్ ఆపి వేశాడు, కంప్యూటర్ ఆపి వేశాడు, నేను ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, దాంతో విండోస్‌లో అదే ప్రింటర్ ఇంకోటి, పేరు చివర కాపీ 1 అని తగిలించుకుని వచ్చింది, ఇంకోసారి వేస్తే కాపీ 2. మూడు బొమ్మలు, ఒక్కటీ పని చేయదు. పాస్ పుస్తకం కోసం వచ్చిన పెద్దాయన ఒకరు పాపం అరగంట నుంచీ నిలబడి ఉన్నారు.

"ఏం నాయనా, ఇందాక ఆ పిల్లకి వచ్చింది గదా, నాకెందుకు రాదు?"

"కరెంటు పోయొచ్చింది పెద్దాయనా, మిషన్ దారి తప్పింది."

నోటికొచ్చింది అన్నాను గానీ, తర్వాత చూస్తే జరిగింది సరిగ్గా అదే. మెనూలో వెతికి నెట్‌వర్క్ రిపోర్ట్ అనే పేజీ కొట్టించాను, అందులో ఐపీ అడ్రస్ దగ్గర 169.254 తో మొదలయ్యే నంబరు ఉంది. ఆ నంబరు కనిపిస్తే అర్థం ఒక్కటే: రౌటర్ (షాపులో నెట్ పంచే పెట్టె) దగ్గర నుంచి దానికి అడ్రస్ అందలేదు, దిక్కులేక తనకు తనే ఒకటి పెట్టుకుంది. కరెంటు వచ్చాక ప్రింటర్ అర నిమిషంలో లేస్తుంది, మా రౌటర్ లేవడానికి రెండు నిమిషాలు పైనే పడుతుంది. అడిగినప్పుడు ఇచ్చేవాడు లేడు. రౌటర్ లైట్లన్నీ వచ్చాక ప్రింటర్ ఒక్కటి ఆపి వేస్తే సరిపోయేది, మేము అప్పుడు దాన్ని తప్ప అన్నిటినీ తిరగేశాం. మొదట్లో కుర్రాడు ప్రింటర్ ఆపి వేశాడు నిజమే, కానీ అప్పటికి రౌటర్ ఇంకా లేవలేదు.

అలాగని ప్రతిసారీ 169.254 రాదు. ఎక్కువసార్లు ఏమవుతుందంటే, రౌటర్ ఆగి లేచాక ఎవరు ముందు అడిగితే వాళ్లకు నంబర్లు పంచుకుంటూ పోతుంది. నిన్నటి దాకా ప్రింటర్ దగ్గరున్న 192.168.0.105 ఇవాళ మా ఆవిడ ఫోన్‌కి పోతుంది, ప్రింటర్‌కి 108 వస్తుంది, కంప్యూటర్ మాత్రం పాత 105 కే కాగితాలు పంపుతూ కూర్చుంటుంది. చెడిపోయింది ఏదీ లేదు. ప్రింటర్ కొనేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అందుకని ఇప్పుడు నేను అడ్రస్ ఎలా కనుక్కుంటానో చెప్తా. నాకు అన్నిటికన్నా నమ్మకం ప్రింటర్ నోటితోనే చెప్పించడం. డిస్‌ప్లే ఉంటే మెనూలో నెట్‌వర్క్, దాని లోపల వైర్డ్ లేదా వైఫై, దాని లోపల టీసీపీ ఐపీ, అక్కడ ఉంటుంది. డిస్‌ప్లే లేని చిన్నవాటికి వైఫై బటనో, ఐ అక్షరం ఉన్న బటనో కొన్ని సెకన్లు పట్టుకుంటే రిపోర్టు పేజీ బయటికి వస్తుంది, ఏ బటన్ అన్నది మోడల్‌ని బట్టి. ఒక కాగితం పోతుంది, పోనీ. రౌటర్ పేజీలోకి వెళ్లి ఎవరెవరు కనెక్ట్ అయ్యారో లిస్టు చూడటం రెండో దారి, కానీ అందులో మా ప్రింటర్ పేరు అర్థం లేని అక్షరాల వరసలా ఉంటుంది, మ్యాక్ అడ్రస్ (మిషన్‌కు కంపెనీ వేసిన గుర్తింపు నంబరు) తెలిస్తేనే పోల్చుకోగలం.

విండోస్‌లో చూసే పద్ధతే నన్ను ఎక్కువ మోసం చేసింది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అనే చోట, అంటే ప్రింటు ఏ దారిలో పంపాలో రాసుండే చోట చూడమంటారు అందరూ. చూస్తే డబ్ల్యూఎస్‌డీ అని ఓ పొడుగాటి పేరు ఉంది, నంబరే లేదు. దానంతటదే దొరికిన ప్రింటర్లకు విండోస్ చాలాసార్లు ఇలాంటి పోర్టే వేస్తుంది, అడ్రస్ పట్టుకోకుండా ప్రింటర్ ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది. వెతికి దొరికిన రోజు బంగారం, దొరకని రోజు ఆఫ్‌లైన్. దాన్ని వదిలేసి యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని నంబరు నేనే కొట్టాను. అప్పటి నుంచి సగం గొడవ పోయింది. ఇక్కడా ఓ మెలిక ఉంది. మొదటిసారి 105 తో చేస్తే ఆ పోర్టు పేరులోనూ 192.168.0.105 అని పడుతుంది. తర్వాత కాన్ఫిగర్ పోర్ట్‌లోకి వెళ్లి లోపల నంబరు 50 చేసినా, బయట పేరు మాత్రం 105 గానే ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత నేనే ఆ పేరు చూసి, అడ్రస్ తప్పుందని కంగారుపడి, బాగా నడుస్తున్నదాన్ని చెడగొట్టుకున్నాను. పేరును నమ్మకండి, లోపల చూడండి.

అదే కాన్ఫిగర్ పోర్ట్ కిటికీలో అడుగున ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అని టిక్కు ఒకటి ఉంటుంది. అడ్రస్ సరిగ్గా ఉండి, బ్రౌజర్‌లో ఆ నంబరు కొడితే వచ్చే ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటూ, అయినా విండోస్ ఆఫ్‌లైన్ అని మొండికేస్తుంటే ఆ టిక్కు తీసేసి చూడండి. ప్రింటర్ బాగోగులను విండోస్ ఆ దారిలో అడుగుతుంది, జవాబు రాకపోతే ప్రింటరే లేదని తేల్చేస్తుంది. టిక్కు తీశాక మా రెండో కంప్యూటర్‌లో ఆ జబ్బు మళ్లీ రాలేదు.

ఇక అడ్రస్ మారకుండా కట్టేయాలి అనుకున్నాను. మా రౌటర్ 100 నుంచి 199 వరకు పంచుతోంది, కాబట్టి దాని చేతికి అందని 50 ఎంచుకుని, ప్రింటర్‌లోనే స్టాటిక్ (అంటే మారని నంబరు) అని పెట్టి 192.168.0.50 ఇచ్చాను. డిస్‌ప్లే మీద అది 192.168.000.050 అని కనిపిస్తుంది, ఖాళీ అంకెలను సున్నాలతో నింపుతుంది ఈ మిషన్. ఓ రోజు నేను ఊళ్లో లేను, ప్రింటర్ పేజీ తెరిచి టోనర్ ఎంతుందో చూడరా అని కుర్రాడికి ఫోన్లో చెప్పాను. వాడు డిస్‌ప్లే మీదున్నది ఉన్నట్టు సున్నాలతో సహా కొట్టాడు.

"అన్నా, నేను కొట్టింది యాభై. ఎంటర్ నొక్కగానే ఇది నలభై చేస్తోంది."

"సరిగ్గా కొట్టరా."

"మూడుసార్లు కొట్టానన్నా. నలభయ్యే."

నేను నమ్మలేదు, వచ్చి చూస్తే నిజమే. ముందు సున్నా ఉన్న అంకెను బ్రౌజర్ పదుల లెక్కలో కాదు, ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. 050 అంటే దానికి అయిదు ఎనిమిదులు, అంటే 40. అలా లేని గుమ్మం తలుపు కొడుతూ కూర్చుంది. ఆ నంబరు పలుకుతోందా అని చూసే పింగ్ కొట్టినా ఇదే తంతు. వాడిని అనవసరంగా తిట్టినందుకు ఆ రోజు పునుగులు నేనే తెప్పించాను.

ఆ 50 తో రెండేళ్లు చీకూచింతా లేకుండా గడిచింది. కరెంటు పోయినా వచ్చినా కదల్లేదు. అప్పుడు నెట్ కనెక్షన్ వాళ్లు వచ్చి, స్పీడు పెంచాం అంటూ రౌటర్ మార్చి వెళ్లారు. కొత్తది 192.168.1 వరసలో పంచుతుంది. మా ప్రింటర్ 192.168.0 వరసలో స్థిరంగా కూర్చుంది. కేబుల్ లైటు వెలుగుతూనే ఉంది, కానీ ఇద్దరికీ మాటల్లేవు. కొత్త రౌటర్ అడ్రస్‌ను పాతదానిలా 192.168.0.1 చేసేస్తే ఏదీ ముట్టుకోనక్కర్లేదు, అది తెలుసు, కానీ లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ వాళ్లు ఇవ్వలేదు, ఆఫీసులో అడగాలి సార్ అన్నారు. సరే అని కంప్యూటర్‌కి తాత్కాలికంగా చేత్తో 192.168.0.60 ఇచ్చి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టి, బ్రౌజర్‌లో 192.168.0.50 కొట్టాను. ప్రింటర్ పేజీ టక్కున తెరుచుకుంది. అందులో స్టాటిక్ తీసి ఆటో (రౌటర్ ఇచ్చిన నంబరే తీసుకోవడం) చేసి, కంప్యూటర్‌ని మళ్లీ మామూలు చేసుకునేసరికి గంట పట్టింది. ఇదే మార్పు ప్రింటర్ మెనూలో అర నిమిషంలో చేయొచ్చని ఆ రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. డిస్‌ప్లే లేని ప్రింటర్ ఉన్నవాళ్లకు మాత్రం ఆ గంట పద్ధతి పనికొస్తుంది.

అప్పటి నుంచి ప్రింటర్‌ని ఆటోలోనే వదిలేసి, ఫలానా మ్యాక్ అడ్రస్‌కు ఫలానా నంబరే ఇవ్వు అని రౌటర్‌లో రాయించాను. దీన్ని రిజర్వేషన్ అంటారు. పాస్‌వర్డ్ వారానికి వచ్చింది లెండి. రౌటర్ మళ్లీ మారితే ఈ రాతా పోతుంది, కాదనను, కానీ ప్రింటర్ కొత్త వరసలో ఏదో ఒక నంబరు తీసుకుని అయినా బతికే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. రాసేటప్పుడు ఒకటి చూసుకోండి: వైఫైకి ఒక మ్యాక్, లాన్ కేబుల్‌కి ఇంకో మ్యాక్. నేను కేబుల్ పెట్టుకుని వైఫై మ్యాక్ రాసి, పనిచేయట్లేదేంటని సగం రోజు టెన్షన్ పడ్డాను.

మంచి కూడా చెప్పాలి. అడ్రస్ తెలిశాక ప్రింటర్ పేజీయే నాకు అసలు సుఖం. టోనర్, డ్రమ్ము ఎంత మిగిలిందో, ఇవాళ్టికి ఎన్ని పేజీలు పడ్డాయో, ఎక్కడ జామ్ అయిందో అన్నీ అందులోనే. రాత్రి షాపు కట్టేసే ముందు కౌంటరు చూసి గల్లా పెట్టెతో సరిపోల్చుకుంటాను. తెరిచేటప్పుడు ఒక్కోసారి కనెక్షన్ సురక్షితం కాదు అని బ్రౌజర్ భయపెడుతుంది. ప్రింటర్ తన సర్టిఫికెట్ తనే రాసుకుంటుంది కాబట్టి అలా అంటుంది, మన షాపు లోపల, మన నంబరే అయితే కంగారు అక్కర్లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం మొదటి రోజే మార్చండి. ఇంటి నుంచి కూడా ప్రింటు ఇవ్వొచ్చు కదా అని రౌటర్‌లో 9100 పోర్టు (ప్రింటర్ ప్రింటు పనులు అందుకునే దారి) బయటికి తెరవమని ఒకాయన సలహా ఇచ్చాడు. 2018లో ఇలా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన ప్రింటర్లను వెతికి పట్టుకుని ఒకడు తన అభిమాన యూట్యూబర్ ప్రచారం కాగితాలు వేలాది మిషన్లలో కొట్టించాడు. మన టోనర్, మన కాగితం, వాడి ప్రచారం. తెరవలేదు.

కంపెనీ యాప్‌కి నేనిచ్చేది అయిదుకు రెండు. లాగిన్ అడుగుతుంది, టోనర్ కొనమంటుంది, ఐపీ అడ్రస్ మాత్రం మూడు తెరల కింద దాస్తుంది. ప్రింటర్‌కి నాలుగు ఇస్తాను. ఇల్లైతే, ఒక్క ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ కేబుల్ పెట్టుకోండి, ఈ గోలంతా ఉండదు. షాపుకైతే లాన్ కేబుల్ చోటు లేని మోడల్ మాత్రం వద్దు, రెండు వేలు తగ్గుతుందని వైఫై ఒక్కటే ఉన్నది మా బావమరిది తీసుకున్నాడు, వారానికోసారి నాకే ఫోన్ చేస్తాడు. వాడి ప్రింటర్ నంబరు వాడికన్నా నాకే బాగా గుర్తు.