లిబ్రెఎన్ఎంఎస్: నోరు మూయించాకే పనికొచ్చింది

శ్రీకాకుళం నుంచి పలాస దాకా హైవే వెంబడి కనెక్షన్లిచ్చే ఓ లోకల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర నెట్‌వర్క్ చూసుకోవడం నా పని. నరసన్నపేట, టెక్కలి, కాశీబుగ్గల్లో ఓఎల్‌టీలు (ఇళ్లకెళ్లే ఫైబర్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు), వాటి ముందు మైక్రోటిక్ కంపెనీ రూటర్లు, శ్రీకాకుళంలో బిల్లింగ్ సర్వరు, డీఎన్ఎస్ సర్వర్లు ఉన్నాయి. వీటి మీద కన్నేసి ఉంచడానికి ఏళ్లుగా లిబ్రెఎన్ఎంఎస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. అంతకు ముందు క్యాక్టి అనే ఇలాంటి ప్రోగ్రామే ఉండేది. అందులో గ్రాఫులు బాగానే వచ్చేవి, కానీ కొత్త స్విచ్ పెట్టిన ప్రతిసారీ ఒక్కో పోర్టుకీ గ్రాఫ్ చేత్తో తయారుచేయడం విసుగు. లిబ్రెఎన్ఎంఎస్‌కి ఐపీ అడ్రసూ, ఎస్ఎన్ఎంపీ (పరికరాలని వాటి లెక్కలడిగే పద్ధతి) కమ్యూనిటీ పేరూ (దానికి పాస్‌వర్డ్ లాంటిది) ఇస్తే చాలు, పోర్టులు, మెమరీ, టెంపరేచర్, ఫ్యాన్లు అన్నీ తనే వెతుక్కుంటుంది. 2013లో అబ్జర్వియం అనే మరో మానిటరింగ్ ప్రోగ్రాం నుంచి చీలి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి లైసెన్సు గొడవ లేదు.

పెట్టుకోవడం తేలికే, దాంతో కాపురమే కష్టం. రెడీమేడ్ అలర్ట్ రూల్స్ చాలా ఇస్తారు. అవన్నీ వేసుకున్నవాడి ఫోన్ టెలిగ్రామ్ మెసేజీలతో రాత్రంతా మోగుతూనే ఉంటుంది. మా వైపు ఈదురుగాలి లేస్తే కరెంటు పోతుంది, పది నిమిషాల్లో వస్తుంది, మళ్లీ పోతుంది. టెక్కలి అప్‌లింక్ (పై నెట్‌వర్క్‌కి కలిపే లింకు) పడిపోయిందంటే దాని వెనకున్న ప్రతి స్విచ్చూ ‘నేనూ పోయాను’ అని విడిగా మెసేజ్ పెడుతుంది. ఇలా రెండు వారాలు గడిచాక ఆ గ్రూపుని అందరూ మ్యూట్‌లో పెట్టేస్తారు. అసలు ఫైబర్ తెగిన రోజున చూసేవాడుండడు.

దీనికి మందు ప్రోగ్రాంలోనే ఉంది, కాకపోతే మనమే వెతుక్కోవాలి. డివైస్ డిపెండెన్సీస్‌లో ఏ స్విచ్ ఏ రూటర్ వెనక ఉందో చెబితే, ముందున్నది పడిపోయినప్పుడు వెనకవాటి అలర్టులు రావు. ప్రతి రూల్‌కీ డిలే ఇవ్వొచ్చు. ఊళ్లలో ఉన్న స్విచ్‌లకి మేం పావుగంట ఇచ్చాం, శ్రీకాకుళం కోర్ రూటర్‌కి మాత్రం అసలు ఇవ్వలేదు. ప్రాసెసర్ వాడకం మీదున్న రూల్ తీసేశాం. సాయంత్రం ఏడు దాటాక రూటర్ తొంభై శాతం తింటుందని మాకు మెసేజ్ వచ్చి చెప్పక్కర్లేదు.

మైక్రోటిక్‌ని పీపీపీఓఈ (కస్టమర్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో కనెక్టయ్యే పద్ధతి) సర్వర్‌గా వాడేవాళ్లు మొదటి రోజే చేసుకోవాల్సిన పని ఒకటుంది. కస్టమర్ కనెక్టయిన ప్రతిసారీ రూటర్‌లో అతని యూజర్‌నేమ్‌తో ఓ తాత్కాలిక ఇంటర్‌ఫేస్ పుడుతుంది, డిస్కనెక్టయితే పోతుంది. లిబ్రెఎన్ఎంఎస్ వాటిని నిజం పోర్టులనుకుని ఒక్కోదానికీ గ్రాఫ్ ఫైల్ తెరుస్తుంది. డిస్క్ నిండిపోతుంది, పోలింగ్ (పరికరాలని అడిగి లెక్కలు తెచ్చుకోవడం) నత్తనడక నడుస్తుంది, పైగా ఎవరో మోడెం ఆపితే ‘పోర్ట్ డౌన్’ అంటుంది. సెట్టింగ్స్‌లో పట్టించుకోకూడని ఇంటర్‌ఫేస్ పేర్ల జాబితా ఉంది, అందులో పీపీపీఓఈతో మొదలయ్యేవన్నీ చేర్చాలి. పాతవి వాటంతట అవి పోవు, డిలీటెడ్ పోర్ట్స్ పేజీలోకెళ్లి పర్జ్ చేయాలి, అంటే పూర్తిగా తుడిచేయాలి.

ఓఎల్‌టీలతో ఇంకో తలనొప్పి. పోలింగ్ 5 నిమిషాలకోసారి జరుగుతుంది, అంటే ఒక్కో పరికరం పని 300 సెకన్లలోపు తెమలాలి. చవక ఓఎల్‌టీ ప్రాసెసర్ ఎస్ఎన్ఎంపీ ప్రశ్నలకి తాపీగా జవాబిస్తుంది. టైం దాటితే గ్రాఫ్‌లో గండ్లు పడతాయి. ఆ పరికరం పేజీలో ఏ మాడ్యూల్‌కి (ఒక్కో రకం లెక్క తెచ్చే భాగానికి) ఎన్ని సెకన్లు పట్టిందో గ్రాఫ్ ఉంటుంది, ముందు అది చూసి అక్కర్లేని మాడ్యూల్స్ ఆపేయాలి. సెలెక్టెడ్ పోర్ట్ పోలింగ్ (అవసరమైన పోర్టులనే అడగడం) ఆన్ చేస్తే ఇంకా తేలికపడుతుంది.

మైక్రోటిక్‌లో ఎస్ఎన్ఎంపీ ఆన్ చేసేటప్పుడు కమ్యూనిటీ పేరు ‘పబ్లిక్’ అనే ఉంటుంది. అది మార్చి, మానిటరింగ్ సర్వర్ ఐపీకి తప్ప జవాబివ్వకుండా కట్టడి చేయండి. వెర్షన్ 1 వాడకండి. అందులో ట్రాఫిక్ లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్లదే, సుమారు 429 కోట్ల బైట్లు కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ మీద అలా తిరగడానికి ఆరు నిమిషాల లోపే పడుతుంది, గిగాబిట్ నిండుగా పోతే 34 సెకన్లు చాలు. 5 నిమిషాలకోసారి చూసే ప్రోగ్రాంకి మధ్యలో అది ఎన్నిసార్లు తిరిగిందో తెలీదు. అందుకే నిలకడగా 300 ఎంబీపీఎస్ పోతున్న లింకు గ్రాఫ్‌లో 71 దగ్గర కనిపిస్తుంది! వెర్షన్ 2సీలో 64 బిట్ల కౌంటర్లున్నాయి, ఈ సమస్య ఉండదు.

ఉబుంటు సర్వర్లలో ఎస్ఎన్ఎంపీడీ (ఎస్ఎన్ఎంపీ ప్రశ్నలకి జవాబిచ్చే ప్రోగ్రాం) వేసినా పరికరం యాడ్ కాకపోతే కంగారు పడొద్దు. అది మొదట్లో 127.0.0.1 మీద, అంటే ఆ సర్వర్ లోపలి నుంచి వచ్చే ప్రశ్నలు మాత్రమే వింటుంది. అది మార్చాక కూడా పేరూ, అప్‌టైమూ లాంటివి తప్ప డిస్కూ మెమరీ కనిపించకపోతే కాన్ఫిగ్ ఫైల్‌లో ‘సిస్టమ్ ఓన్లీ’ అనే వ్యూ (ఏమేం చూపించాలో చెప్పే హద్దు) అడ్డుపడుతున్నట్టు లెక్క.

ఇంకేం తేడా వచ్చినా ముందు లిబ్రెఎన్ఎంఎస్‌తో వచ్చే వ్యాలిడేట్ స్క్రిప్ట్ నడపండి. టైంజోన్ తేడాలు, ఫైల్ పర్మిషన్లు, ఆగిపోయిన పోలర్, అన్నీ అదే చెబుతుంది, సరిచేసే కమాండ్ కూడా చాలాసార్లు అదే ఇస్తుంది. రూట్‌గా కాకుండా లిబ్రెఎన్ఎంఎస్ యూజర్‌గానే నడపాలి. అప్‌డేట్లు రోజూ వస్తాయి, మేం నెలవారీ రిలీజ్‌కి మార్చుకున్నాం. రోజూ కొత్త కోడ్ మింగే ఓపిక మాకు లేదు.

ఇదంతా తీరిగ్గా సర్దుకున్నాక దీని అసలు విలువ తెలిసింది. నెట్ పోయిందని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కస్టమర్లే ఫోన్ చేసి “ఏటి బాబూ, నెట్ ఎల్లిపోనాది” అంటారు. పోబోతోందని చెప్పేది ఇదొక్కటే. కాశీబుగ్గ అప్‌లింక్ ఎస్ఎఫ్‌పీకి (ఫైబర్ గుచ్చే ముక్కకి) అందే వెలుతురు మామూలుగా మైనస్ 17 డీబీఎం దగ్గర గీత గీసినట్టుండేది (డీబీఎం వెలుతురు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు). ఓ వానాకాలం అది మైనస్ 18కి జారింది, రెండు వానలు పడ్డాక 20. ఎవరూ కంప్లైంట్ చేయలేదు, స్పీడ్ కూడా తగ్గలేదు. కానీ ఎండ కాసిన రోజున ఆ గీత కాస్త పైకి లేస్తోంది, వాన పడితే మళ్లీ కుంగుతోంది. లైన్‌మన్ ఓటీడీఆర్ (ఫైబర్‌లో తేడా ఎంత దూరంలో ఉందో చెప్పే పరికరం) పెట్టి దూరం కొలిచి, రోడ్డు పని జరుగుతున్న ఓ కల్వర్టు పక్కన జాయింట్ బాక్స్ తెరిస్తే లోపల నీళ్లు, బురద. మళ్లీ స్ప్లైసింగ్ చేశాక (ఫైబర్ అతికించాక) 17కి వచ్చింది. ఒక్క కస్టమర్‌కీ ఆ సంగతి తెలీదు. వెలుతురు ఎంత తగ్గితే అలర్ట్ రావాలనే హద్దులు ప్రోగ్రాం వేసుకున్నవి నమ్మకుండా, ఒక్కో పోర్టుకీ దాని మామూలు అంకె చూసి అంతకన్నా 2 డీబీ తక్కువ దగ్గర చేత్తో పెట్టాం.

వోల్టేజీ గ్రాఫ్ కూడా అంతే. బ్యాటరీ మీద నేరుగా నడిచే మైక్రోటిక్‌లు తమకి ఎంత వోల్టేజీ అందుతోందో చెబుతాయి. కరెంటు పోయాక ఆ గీత నిదానంగా వాలితే బ్యాటరీ మంచిది, అరగంటలోనే నిటారుగా పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏ ఊరికి కొత్త బ్యాటరీ పంపాలో ఈ గ్రాఫులు చూసే నిర్ణయిస్తాం.

నచ్చనివీ ఉన్నాయి. మొబైల్‌లో పేజీలు ఇరుగ్గా ఉంటాయి. వారం దాటితే 5 నిమిషాల వివరం పోయి అరగంట లెక్కలు మిగులుతాయి. గత నెల ఫలానా రాత్రి ఎన్నింటికి లింకు ఊగిందని ఎవరైనా అడిగితే గ్రాఫ్ సరైన జవాబివ్వదు, ఈవెంట్ లాగ్ తవ్వాలి. సర్వర్‌లో నడిచే అప్లికేషన్ల లోపలి సంగతులు లోతుగా చూడాలంటే జబ్బిక్స్ అనే మానిటరింగ్ ప్రోగ్రాం మేలు. రూటర్లు, స్విచ్‌లు, ఓఎల్‌టీలు ఎక్కువగా ఉన్నచోట మాత్రం నా ఓటు దీనికే.

ఒక్కటి మాత్రం దీని వల్ల కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున మానిటరింగ్ సర్వరున్న గదే చీకటైతే అలర్ట్ ఎవరు పంపాలి? అందుకని వేరే ఊరి డేటాసెంటర్‌లో నెలకి కొద్ది వందల రూపాయల చిన్న సర్వర్ ఒకటి తీసుకున్నాం. శ్రీకాకుళం రూటర్‌నీ, లిబ్రెఎన్ఎంఎస్ పేజీనీ నిమిషానికోసారి పలకరించి, జవాబు రాకపోతే మెసేజ్ పెట్టడమే దాని పని.