కరెంటు పోయినా మరిచిపోని డిలే లైను

మా విజయనగరం ల్యాబులో కొన్నేళ్లుగా వాడుతున్న ఆప్టికల్ డిలే లైను గురించి. సిగ్నల్‌ని కాంతిగా ఫైబర్లో తిప్పి, కావలసినంత ఆలస్యం చేసే పరికరమిది. 100 మీటర్ల నుంచి రెట్టింపవుతూ 1600 దాకా ఐదు ఫైబర్ చుట్టలు, చుట్టకో స్విచ్: కాంతి ఆ చుట్టలోకి వెళ్లాలా, దాన్ని తప్పించి ముందుకు పోవాలా తేల్చేది అదే. మైక్రోవేవ్ (రాడార్ వాడే రేడియో తరంగం) సిగ్నల్‌ని లేజరు మీదికెక్కించి, చుట్టల్లో తిప్పి, కాంతిని మళ్లీ కరెంటు సిగ్నల్‌గా మార్చే ఫోటోడిటెక్టర్ దగ్గర దించుకోవడమే పని. 10 గిగాహెర్ట్జ్ దగ్గర రాగి కేబుల్ వంద మీటర్లకే చేతులెత్తేస్తుంది. ఫైబర్లో కిలోమీటరుకు పోయేది 0.2 డీబీ (డెసిబెల్, సిగ్నల్ నష్టానికి కొలత).

నాకు తెగ నచ్చినవి లాచింగ్ స్విచ్‌లు. కరెంటు మార్చేటప్పుడే కావాలి, పోయినా పెట్టినచోటే ఉంటాయి. ఈదురుగాలి లేస్తే చాలు సరఫరా ఆగిపోయే ఊళ్లో ఇంతకంటే ఏం కావాలి!

అదే ఒక మధ్యాహ్నమంతా మమ్మల్ని తిప్పలు పెట్టింది. కరెంటు పోయి వచ్చింది. కంట్రోలర్ డిస్‌ప్లేలో అన్నీ సున్నాలే. "సార్, డిలే సున్నా అంటోంది, పల్సు మాత్రం 8 మైక్రోసెకన్లు లేటుగా వస్తోంది" అన్నాడు ఎంటెక్ కుర్రాడు. కేబుళ్లు మార్చాం, కనెక్టర్లు తుడిచాం, ఆసిలోస్కోప్ ట్రిగ్గర్‌ని అనుమానించాం. ఫైబర్లో మీటరుకు సుమారు 4.9 నానోసెకన్లు కదా, 8 అంటే ఆ 1600 మీటర్ల చుట్టే. సున్నా నొక్కితే స్విచ్ టిక్కుమనాలి. చప్పుడే లేదు. పాత స్థానం స్విచ్‌కి గుర్తుంది, కంట్రోలర్‌కి లేదు. అంతా సున్నాలోనే ఉందనుకుంటోంది కాబట్టి నొక్కినా ఆదేశమే పంపట్లేదు. కంపెనీవాళ్లనడిగితే "అది లోపం కాదండీ, డిజైనే అంత" అన్నారు. ఇప్పుడు కరెంటు వచ్చినప్పుడల్లా ఐదూ ఆన్ చేసి, మళ్లీ ఐదూ ఆఫ్ చేస్తాం. ఆఫ్‌లో ఐదు టిక్కులూ వినబడితేనే పని మొదలు.

ఇందాక చెప్పిన 0.2 డీబీ ఫైబర్ వరకే. చుట్టలోకి వెళ్లిన కాంతి అదే స్విచ్‌ని రెండుసార్లు దాటాలి, వెళ్లనిది ఒక్కసారే. పైగా కాంతిలో 1 డీబీ పోతే మైక్రోవేవ్‌లో 2 పోయినట్టు. అందుకే డిలే మార్చినప్పుడల్లా సిగ్నల్ స్థాయీ మారుతుంది. ఏ డిలేకి ఎంత కలుపుకోవాలో పట్టిక రాసి గోడకంటించాం.

రాడార్‌కి ఉత్తుత్తి టార్గెట్ చూపించడానికి మాకిది చాలు. ఆ 8 మైక్రోసెకన్లు 1.2 కిలోమీటర్ల దూరంలోని టార్గెట్‌తో సమానం. యాంటెన్నా బీము చకచకా తిప్పాల్సినవాళ్లు మాత్రం మిల్లీసెకన్లు తీసుకునే ఈ మెకానికల్ స్విచ్‌లతో వేగలేరు. ఫేజు, అంటే తరంగం తన చక్రంలో ఎక్కడుందో, కొలిచేవాళ్లకి నిలకడైన ఏసీ తప్పదు: గది ఒక్క డిగ్రీ వేడెక్కితే పెద్ద చుట్టలో దాదాపు 60 పికోసెకన్లు జరుగుతాయి, 10 గిగాహెర్ట్జ్‌కి ఒక చక్రమే 100. మా యూపీఎస్ కంప్యూటర్లకే చాలదు గనుక లాచింగ్ మాకు కలిసొచ్చింది. మంచి యూపీఎస్ ఉన్న ల్యాబువాళ్లను దీనికోసం అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను.