పైథాన్-టెలిగ్రామ్-బాట్: ఏళ్ల తరబడి వాడాక

టెలిగ్రామ్‌లో తనంతట తానే మెసేజ్‌లు పంపే, బదులిచ్చే ప్రోగ్రామ్‌ను బాట్ అంటారు. దాన్ని పైథాన్‌లో రాయడానికి ఉన్న పైథాన్-టెలిగ్రామ్-బాట్ లైబ్రరీని 13వ వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నాను. దీన్ని నడిపేది వాలంటీర్లు. అవతల బాట్లు టెలిగ్రామ్ సర్వర్‌తో మాట్లాడే దారి, అంటే టెలిగ్రామ్ బాట్ ఏపీఐ ఏమో ఏడాదిలో పలుమార్లు మారుతుంది. ఈ రెండింటి మధ్య మన బాట్ నిలబడాలి. నాది బాగానే నిలబడింది.

2023 డిసెంబర్ చివర్లో బాట్ ఏపీఐ 7.0 వచ్చింది. ఒక మెసేజ్‌కి రిప్లై పెట్టాలంటే అంతకుముందు రిప్లై_టు_మెసేజ్_ఐడీ ఇస్తే సరిపోయేది. దాని స్థానంలో రిప్లై_పారామీటర్స్ అనే ఆబ్జెక్ట్ తెచ్చారు. ఏపీఐని నేరుగా పిలిచే కోడ్ అయితే ఎప్పటికైనా ఒక్కో చోటా వెతికి మార్చుకోవాలి. లైబ్రరీ పాత పేరును ఉండనిచ్చి, లోపల కొత్త ఆబ్జెక్ట్‌గా మార్చి పంపుతోంది. నా హ్యాండ్లర్లలో (వచ్చిన మెసేజ్‌కి ఏం చేయాలో చెప్పే ఫంక్షన్లలో) రిప్లై లైన్లు ఇప్పటికీ పాతవే.

కొత్త ఫీచర్ వచ్చిన రోజే లైబ్రరీలోకి రాదు, అది నిజం. 7.0కి పూర్తి సపోర్ట్ 20.8తో, 2024 ఫిబ్రవరిలో అందింది. అలాంటి ఎడం కోసమే ఏపీఐ_క్వార్గ్స్ ఉంది. లైబ్రరీకి ఇంకా తెలియని పారామీటర్‌ను అందులో డిక్షనరీగా ఇస్తే సర్వర్‌కు చేరవేస్తుంది. అటునుంచి వచ్చే తెలియని ఫీల్డులను కూడా పారేయకుండా, ఆబ్జెక్ట్ మీద ఏపీఐ_క్వార్గ్స్ అనే అదే పేరు కింద దాచిపెడుతుంది. ఏ కమ్యూనిటీ లైబ్రరీలోనైనా నేను ముందు చూసేది ఈ దారి ఉందా లేదా అనే. వేరే సర్వీసు కోసం వాడిన ఒక లైబ్రరీలో ఇది లేదు. దాని మెయింటైనర్ పని ఆపేశాక ఫోర్క్ చేసి, అంటే కోడ్‌ను సొంతంగా కాపీ తీసుకుని, ఆ భారం మేమే మోశాం.

చెమటలు పట్టించింది మాత్రం 20వ వెర్షన్. 2023 జనవరిలో వచ్చిన ఆ వెర్షన్‌లో మొత్తాన్నీ అసింక్‌ఐఓ మీదకు, అంటే ఒక పని జవాబు కోసం ఆగినప్పుడు మరో పని నడిపించే పైథాన్ పద్ధతికి మార్చారు. వచ్చిన మెసేజ్‌లను హ్యాండ్లర్లకు పంచే డిస్పాచర్ పోయి అప్లికేషన్ వచ్చింది, హ్యాండ్లర్లన్నీ అసింక్ అయ్యాయి, టెలిగ్రామ్‌కు చేసే ప్రతి కాల్‌కీ ముందు అవెయిట్ అనే పదం కావాలి. ఒకచోట అవెయిట్ జారిపోతే ప్రోగ్రామ్ ఆగదు, కానీ మెసేజ్ వెళ్లదు. లాగ్‌లో కొరొటీన్‌ను (అసింక్ ఫంక్షన్‌ను పిలిస్తే వచ్చేదాన్ని) అవెయిట్ చేయలేదని ఒక వార్నింగ్ కనబడుతుంది, అంతే. ఆ వారాల్లో టెన్షన్ మామూలుగా లేదు. అయినా ఆ నిర్ణయం సరైనదే. ఒక నెమ్మది రిక్వెస్ట్ కోసం థ్రెడ్‌ను ఆపి కూర్చోబెట్టే బాధ తప్పింది. మారేవాళ్ల కోసం గైడ్ కూడా ఓపిగ్గా, వివరంగా రాశారు. జీతం లేని పనిలో అంత శ్రద్ధ చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

వాడదలిస్తే వెర్షన్‌ను నంబర్‌తో సహా పిన్ చేయండి, అంటే దానంతట అది మారకుండా కట్టిపెట్టండి. అప్‌గ్రేడ్‌కు ముందు ఛేంజ్‌లాగ్ మొత్తం చదివి, డిప్రికేషన్ వార్నింగులను (ఇది త్వరలో తీసేస్తామనే హెచ్చరికలను) ఎర్రర్లుగా పెట్టి టెస్టులు నడపండి. ఆ తర్వాత విడి టోకెన్‌తో (బాట్‌కు టెలిగ్రామ్ ఇచ్చే తాళంచెవితో) ఒక టెస్ట్ బాట్ మీద నడిపి చూసి, అప్పుడే అసలు బాట్‌ను ముట్టుకోండి.