సైకిల్ కెమెరా కొనేవాళ్లకు జాగ్రత్త: డబ్బా మీద 4కె ఉంటుంది, వీడియోలో బండి నంబరు ఉండదు

సైకిలుకు కెమెరా బిగిద్దామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆర్డరు పెట్టండి. ఆన్‌లైన్‌లో రెండు నుంచి నాలుగు వేల మధ్య ‘4కె అల్ట్రా హెచ్‌డీ, 170 డిగ్రీలు, 30 మీటర్ల వాటర్‌ప్రూఫ్, వైఫై’ అంటూ వచ్చే చిన్న చదరపు యాక్షన్ కెమెరాల జోలికి పోకండి. పేరు మారుతూ ఉంటుంది, డబ్బా రంగు మారుతూ ఉంటుంది, లోపలి సరుకు మాత్రం దాదాపు అదే. సరదా వీడియోలకు ఎలాగోలా సరిపెట్టుకోవచ్చు. వెనక నుంచి గుద్ది ఆగకుండా పోయిన బండి నంబరు చెప్పమంటే మాత్రం చేతులెత్తేస్తాయి. సైకిలు మీద కెమెరా ఉండేది ఆ నంబరు కోసం, అంతే.

మోసం సెన్సర్ దగ్గర మొదలవుతుంది. నిజమైన 4కె అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 83 లక్షల పిక్సెళ్లు. ఈ కెమెరాల్లో చాలావాటికి ఉండేది పది, ఇరవై లక్షల పిక్సెళ్ల సెన్సరే. తీసిన చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె ఫైలుగా రాసేస్తాయి. వివరాల్లో ఎక్కడో అడుగున ‘ఇంటర్‌పొలేటెడ్’ అనే మాట కనిపిస్తే అర్థం ఇదే. సాగదీస్తే ఫైలు పెద్దదవుతుంది, లేని అక్షరం పుట్టుకురాదు.

ఒక్క ప్లేటు తీసుకుని లెక్క వేద్దాం. నిబంధనల ప్రకారం కారు నంబరు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు. 5 మీటర్ల దూరం నుంచి చూస్తే ఆ ఎత్తు ముప్పావు డిగ్రీ కోణం చేస్తుంది. 120 డిగ్రీల లెన్సు వెనక అడ్డంగా 1280 పిక్సెళ్లే ఉంటే డిగ్రీకి 11 పిక్సెళ్లు కూడా రావు. అక్షరం మొత్తం ఎత్తుకు దక్కేవి 8. ఆ 8 పిక్సెళ్లలో బీ, 8, 3 మూడూ ఒకే మచ్చలా ఉంటాయి. అసలైన 1080పీ అయితే అదే దూరంలో 12, అసలైన 4కె అయితే 24. దూరం 10 మీటర్లయితే ఈ అంకెలన్నీ సగమవుతాయి. 15 పిక్సెళ్లు దాటితే నమ్మకంగా చదవొచ్చు, పదికి దిగితే ఇక ఊహే. 170 డిగ్రీలు అని గొప్పగా రాసేది కూడా మనకు నష్టమే. ఎంత వెడల్పు చూపిస్తే ప్లేటు అంత చిన్నదవుతుంది.

మనం గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తుంటే 60తో వచ్చిన కారు సెకనుకు 11 మీటర్ల చొప్పున మనల్ని దాటిపోతుంది. దాని వెనక ప్లేటు మనకు 3 నుంచి 8 మీటర్ల మధ్య ఉండేది అర సెకను లోపే. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో అది పదమూడు ఫ్రేములు. అందులో గుంతకు కదిలిపోయినవి పోగా మిగిలేవి నాలుగైదు. 60 ఫ్రేములు తీసే నిజమైన 1080పీ కెమెరా, సాగదీసిన 4కె కన్నా ఎన్నో రెట్లు మేలు అనేది అందుకే.

మోటార్‌సైకిళ్ల విషయంలో ఆశ ఇంకా తక్కువ పెట్టుకోవాలి. వాటి ముందు ప్లేటు అక్షరాలు 30 మిల్లీమీటర్లే, కారు అక్షరంలో సగం కూడా లేవు. సీటు కింద వెనక్కి చూసే కెమెరాకు కనిపించేది ఆ ముందు ప్లేటే. అందుకని టూవీలర్ గుద్దినప్పుడు నంబరు చిక్కేది ఎక్కువగా హ్యాండిల్ మీది కెమెరాలో, బండి దాటి ముందుకు పోయాక. ఒక్క కెమెరాకే డబ్బున్నవాళ్లు ముందుది తీసుకోండి. మన రోడ్ల మీద దాటే బండ్లు కుడి పక్క నుంచి వస్తాయి కాబట్టి దాన్ని ఐదు నుంచి పది డిగ్రీలు కుడికి తిప్పి బిగించండి.

చీకటి పడితే కథ మారిపోతుంది. వెలుతురు చాలక షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, 1/30 సెకను దాకా సాగుతుంది. ఆ కాస్త సమయంలోనే పక్క నుంచి దూసుకుపోయే కారు 37 సెంటీమీటర్లు జరుగుతుంది, అక్షరం గీత చూస్తే ఒక సెంటీమీటరు. అది అలుక్కుపోకుండా ఎలా ఉంటుంది? పైగా హై సెక్యూరిటీ ప్లేట్లు వెలుతురును వెనక్కి కొడతాయి, మన హెడ్‌లైట్ పడగానే ప్లేటు తెల్ల పలకలా మెరిసిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (బొమ్మ ఎంత వెలుగ్గా రావాలనే సెట్టింగును) మైనస్ 1కి దించుకునే వీలు, వీలైతే షట్టర్‌ను మన చేత్తో పెట్టుకునే వీలు ఉన్న కెమెరా అయితే కొంత నయం. చవకవాటిలో షట్టర్ మన చేతిలో ఉండదు. ఎక్స్‌పోజర్ మెనూ ఉన్నా కొన్నిటిలో మార్చినా తేడా రాదు.

ఇక చాలామందికి దెబ్బ తగిలాకే తెలిసే విషయం, అన్నిటికన్నా బాధ పెట్టేది. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. ‘మూవ్ ఆటమ్’ అంటారు. మామూలు కెమెరాలు దాన్ని క్లిప్ ముగిశాక చివర్లో రాస్తాయి. సైకిలు పడి, కెమెరా రోడ్డుకు కొట్టుకుని, బ్యాటరీ మూత ఊడిందనుకోండి. సూచిక రాసే లోపే కరెంటు పోయింది. ఆ రోజు తీసిన పాత క్లిప్పులన్నీ చక్కగా ఆడతాయి, ప్రమాదం జరిగిన క్లిప్ ఒక్కటే తెరుచుకోదు. సున్నా సైజు చూపించినా, ‘ఫైల్ కరప్ట్’ అన్నా కార్డును ఫార్మాట్ మాత్రం చేయకండి. కెమెరా చేయమని అడిగినా సరే. కార్డు తీసి పక్కన పెట్టేయండి. అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి క్లిప్ ఒకటి జతచేస్తే ‘అన్‌ట్రంక్’ అనే ఉచిత ప్రోగ్రాం చాలాసార్లు సూచికను తిరిగి కడుతుంది. వీడియోను చిన్న క్లిప్పులుగా తీస్తూ, కార్డు నిండాక పాతవాటిని చెరిపి రాసే సెట్టింగును లూప్ అంటారు. ముందు జాగ్రత్తగా ఆ లూప్‌ను 1 నిమిషానికి పెట్టుకోండి, పోయినా ఒక్క నిమిషమే పోతుంది. కొనేటప్పుడు రికార్డింగ్ నడుస్తుండగానే బ్యాటరీ లాగి చూడండి. చివరి క్లిప్ తెరుచుకుంటే ఆ కెమెరా సగం పరీక్ష నెగ్గినట్టే.

జీ-సెన్సర్ అనే సదుపాయాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. కుదుపు తగిలితే ఆ క్లిప్ చెరిగిపోకుండా తాళం వేయడం దాని పని. కార్లకు బాగానే ఉంటుంది. హైదరాబాద్‌లో నార్సింగి వైపు ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ దిగి సర్వీస్ రోడ్డెక్కితే ప్రతి గుంతా దానికి ప్రమాదంలాగే తోస్తుంది. అలా తాళం పడ్డ క్లిప్పులతోనే కార్డు నిండి, ఏదో ఒక రోజు రికార్డింగ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. సైకిలు మీద దాన్ని ఆపేయండి, లేదా అతి తక్కువకు పెట్టి వారానికోసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

కార్డు సంగతి. కెమెరాతో ‘ఉచితంగా’ వచ్చే 128 జీబీ కార్డును వాడకండి. 16 జీబీ చిప్‌కు 128 అని అబద్ధం చెప్పించిన కార్డులు బజారులో బోలెడు. 16 నిండాక రాసింది రాసినట్టే కనిపిస్తుంది, వెనక్కి చూస్తే ఏమీ ఉండదు. విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ‘ఎఫ్3’ అనే ఉచిత ప్రోగ్రాములు కార్డంతా రాసి, తిరిగి చదివి నిజం తేలుస్తాయి. కార్డు మీద రాసే వేగాన్ని చెప్పే వీ30 గుర్తు, ఆగకుండా రికార్డు చేసినా తట్టుకుంటుందని చెప్పే ‘హై ఎండ్యూరెన్స్’ అనే మాట రెండూ ఉండాలి. సైజుకు లెక్క: 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు) 1080పీ వీడియో గంటకు 6.75 జీబీ తింటుంది, 60 ఎంబీపీఎస్ 4కె అయితే 27 జీబీ.

బ్యాటరీ మాటకొస్తే, 900 ఎంఏహెచ్ అంటే 3.3 వాట్-అవర్లు. కెమెరా రెండున్నర వాట్లు వాడుకుంటే గంటా ఇరవై నిమిషాలకు ఖాళీ. పవర్‌బ్యాంకు తగిలిద్దామంటే ఆ ‘30 మీటర్ల వాటర్‌ప్రూఫ్’ కెమెరాది కాదు, బయటి ప్లాస్టిక్ డబ్బాది. డబ్బాలో పెడితే వైరు పెట్టే దారి ఉండదు, తీస్తే వానకు ఆగదు. వానాకాలంలో ఆ డబ్బా లోపల ఆవిరి పట్టి లెన్సు మసకబారుతుంది కూడా. మే నెల ఎండలో నల్ల డబ్బాలో ఉంచిన బ్యాటరీ ఉబ్బితే మూత మళ్లీ పట్టదు. ఉబ్బినదాన్ని ఛార్జింగుకు పెట్టకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ మీద భద్రతా ప్రమాణం ఐఎస్ 16046, దాంతోపాటు ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది.

బ్యాటరీ మార్చిన ప్రతిసారీ గడియారం పాత తేదీకి వెళ్లిపోయే కెమెరా అయితే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఎప్పుడో ఏళ్ల కిందటి జనవరి 1 ముద్రతో ఉన్న వీడియోను స్టేషన్‌లో నమ్మించడం మీ వల్ల కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో ఏ కాస్త మారినా అదీ మారిపోతుంది. కాబట్టి ఏదైనా జరిగితే కార్డు తీసి అలాగే దాచండి, కాపీ మీదే పని చేయండి, ఫైలుకు ఎస్‌హెచ్ఏ256 హాష్ తీసి రాసి పెట్టుకోండి. కత్తిరించకండి, పేరు కూడా మార్చకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుంది, చదవగలిగిన నంబరు కూడా ముద్దయిపోతుంది.

మరి ఏది కొనాలి? వెనక వైపుకు లైటు, రాడార్, కెమెరా కలిసిన గార్మిన్ వేరియా ఆర్‌సీటీ715 లాంటివి, లైటూ కెమెరా కలిపి చేసే సైక్లిక్ కంపెనీవి సైకిలు కోసమే తయారైనవి. ధర ఎక్కువ. బడ్జెట్ తక్కువైతే కొత్త నకిలీ 4కె కన్నా బిల్లున్న పాత గోప్రో మేలు. లూపింగ్ పెట్టి, లెన్సును అంచులు వంగకుండా చూపే ‘లీనియర్’కు మార్చి వాడండి. ఏదైనా సరే పొడుగు చేతి మౌంటుకు బిగించకండి, వణుకుకు బొమ్మ జెల్లీలా ఊగుతుంది. హ్యాండిల్‌ను సైకిలుకు పట్టి ఉంచే స్టెమ్‌కు ఆనుకుని, 31.8 మిల్లీమీటర్ల హ్యాండిల్‌కు సరిపోయే లోహపు క్లాంపు, లోపల రబ్బరు ముక్క, తోడుగా ఒక నైలాన్ తాడు. ప్లాస్టిక్ క్లాంపు విరిగిన రోజు కెమెరాను కాపాడేది ఆ తాడే.

ఇప్పటికే ఆర్డరు పెట్టినవాళ్లు పార్సిల్ సీలు తీసేటప్పటి నుంచీ ఆపకుండా ఫోన్లో వీడియో తీయండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ఉన్నాయా చూడండి. ఏ4 కాగితం మీద 65 మిల్లీమీటర్ల ఎత్తుతో ‘బీ8 డీ0 3’ అని ఇంగ్లీషు అక్షరాలు ప్రింటు తీసి గోడకు అంటించి, 5 మీటర్ల నుంచీ 8 మీటర్ల నుంచీ రికార్డు చేయండి. ఒకసారి నిలబడి, ఒకసారి సైకిలు తొక్కుతూ, ఒకసారి పొద్దు వాలాక. అదే చోట 1080పీలోనూ 4కెలోనూ తీసి పక్కపక్కన పెట్టి జూమ్ చేయండి. రెండూ ఒకేలా ఉంటే ఆ 4కె అబద్ధం. ఆ రెండు బొమ్మలు, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ జతచేసి ‘వివరాల్లో చెప్పింది రాలేదు’ అన్న కారణంతోనే రిటర్న్ పెట్టండి. ‘నచ్చలేదు’ అని నొక్కితే దారి మూసుకుపోవచ్చు. చాలా పేజీల్లో 7 రోజులే గడువు, అదీ మార్పిడికే. మార్చి ఇచ్చినా వచ్చేది అదే సరుకు కాబట్టి డబ్బే అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.