కౌన్సెలింగ్ సీటా, డీమ్డ్ సీటా, ఊళ్లో కాలేజీనా? చెన్నై తెలుగువాళ్లకు ఏది మేలు?

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చాయంటే చెన్నైలో మన తెలుగు ఇళ్లన్నిటిలో ఒకటే చర్చ, ఏ ఇంజనీరింగ్ కాలేజీ మంచిది అని. నేనైతే ముందు ఏ కోటా సీటు అని అడుగుతాను. ప్రభుత్వ సాయం చాలావరకు కాలేజీని చూసి కాదు, సీటును చూసి వస్తుంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో కౌన్సెలింగ్‌లో వచ్చినవాడికి ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీ ఉంటుంది, మేనేజ్‌మెంట్ సీటు కొన్నవాడికి ఉండదు.

తమిళనాడు ప్రభుత్వ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ టీఎన్‌ఈఏకి ఎంట్రన్స్ లేదు, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులతో 200కి కటాఫ్ లెక్కేస్తారు, అంతే. అన్నా యూనివర్సిటీ కాలేజీలైన గిండీ గానీ ఎంఐటీ గానీ దొరికితే ఇక ఆలోచించకండి. దొరక్కపోయినా ప్రైవేటు కాలేజీలో కౌన్సెలింగ్ సీటుకు ఫీజు ప్రభుత్వ కమిటీ ఖరారు చేసిందే ఉంటుంది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయితే ట్యూషన్ ఫీజులో 25,000 దాకా తగ్గుతుంది, కానీ అన్నకో అక్కకో ఇప్పటికే డిగ్రీ ఉంటే ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. 6 నుంచి 12 దాకా గవర్నమెంట్ స్కూల్లో చదివిన పిల్లలకైతే (కార్పొరేషన్ స్కూలు కూడా లెక్కే) 7.5 శాతం కోటా ఉంది, ట్యూషన్‌తో పాటు హాస్టల్ ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది. దీన్ని వదులుకుని అప్పు చేసి డీమ్డ్‌లో (వీఐటీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీలో) చేర్చేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు.

మనకో చిక్కుంది. అమ్మానాన్న నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చినవాళ్లైనా, పిల్లలు 8 నుంచి 12 ఇక్కడే చదివితే కౌన్సెలింగ్‌కు అర్హులే, కాకపోతే ఓసీ కింద. ఆంధ్రా కుల సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు.

డీమ్డ్‌లో లెక్కే వేరు. వీఐటీలో వాళ్ల సొంత ఎంట్రన్స్ ర్యాంకును బట్టి ఒకటి నుంచి ఐదు కేటగిరీలు, ఒకటో కేటగిరీ ఫీజుకీ ఐదోదానికీ పోలికే ఉండదు. కొన్ని చోట్ల "50% స్కాలర్‌షిప్" అని పెద్దక్షరాలతో లెటర్ వస్తుంది, దాన్ని కింది దాకా చదవండి: సీజీపీఏ (మార్కుల సగటు) ఫలానా దానికన్నా తగ్గకూడదు, ఒక్క అరియర్ (తప్పిన సబ్జెక్టు) కూడా ఉండకూడదు అని ఉంటుంది. రెండో సెమిస్టర్‌లో మ్యాథ్స్ పోయిందా, మిగతా మూడేళ్లూ ఫుల్ ఫీజే.

ఉదాహరణకు పెరంబూర్‌లో ఉండే కుటుంబం అనుకుందాం. కౌన్సెలింగ్ సీటుకు ఫీజు 55,000, కాలేజీ బస్సు 40,000 వేసుకున్నా నాలుగేళ్లకు 3.8 లక్షలు. డీమ్డ్‌లో ఏడాదికి 3 లక్షల ఫీజు, లక్ష హాస్టల్ అంటే 16 లక్షలు. మధ్య తేడా 12 లక్షల పైనే. సీఎస్‌ఈ కోసమే ఇంత పెట్టేకన్నా కౌన్సెలింగ్‌లో ఈసీఈ తీసుకోవడం నయం అంటాను, మా ఇంట్లోనే ఒప్పుకోరనుకోండి.

ఆంధ్రాలో సొంతూరి కాలేజీకి పంపడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా (అక్కడి ప్రభుత్వ కౌన్సెలింగ్) సీటుకే, పైగా స్కూలంతా చెన్నైలో చదివిన పిల్ల అక్కడ నాన్‌లోకల్. ఆ డబ్బు మీద ఆశతో పంపకండి.

లోన్ తప్పదంటే 2024లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మి చూడండి. ఆ పథకం లిస్టులో ఉన్న కాలేజీలో మెరిట్ సీటైతే తాకట్టు, హామీదారు అక్కర్లేదు. ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోన్ మీద, చదువుకునే కాలానికి వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త. డీమ్డ్‌వాళ్లు కౌన్సెలింగ్ మొదలవకముందే డబ్బు కట్టించుకుంటారు. కట్టినా రసీదు దాచుకోండి, యూజీసీ ఏటా ప్రకటించే తేదీలోపు సీటు వదులుకుంటే ఫీజు వెనక్కివ్వాల్సిందే.