పదకొండేళ్ళుగా నా బల్ల మీదున్న ఇంగ్లిష్ ఇంటిపేర్ల నిఘంటువు

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 250 రూపాయలకు బేరమాడి తెచ్చుకున్న పాత పుస్తకం ఇది. అక్షరాలు చీమతలకాయలంత, కాగితం పసుపు, అవన్నీ వదిలేయండి. ఇన్నేళ్ళు దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. అర్థం చెప్పి ఊరుకోదు. ప్రతి పేరు కిందా అది పాత రికార్డుల్లో ఏ ఏట, ఏ కౌంటీలో, ఏ స్పెల్లింగుతో కనబడిందో వరసగా ఇస్తుంది. 1086లో ఇంగ్లండ్ రాజు తీయించిన భూముల లెక్క డూమ్స్‌డే సర్వే, 1379 పోల్ టాక్స్ (తలపన్ను) జాబితాలు... రాసుకునేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న పేర్లు. మన కరణాల లెక్కల్లాగే అనుకోండి.

దీని మీద గురి కుదిరింది కాటన్ దొర వల్ల. మాది గోదావరి జిల్లా. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహాలు మా వైపు చాలా ఊళ్ళలో కనబడతాయి. కాటన్ అంటే పత్తి కదా, వాళ్ళ పెద్దలు పత్తి వ్యాపారులై ఉంటారని మా నాన్నగారు నాకు చెప్పారు, నేను మా అబ్బాయికి చెప్పాను. వాడు స్కూలు వ్యాసంలో రాసేస్తే టీచరు పదికి తొమ్మిది వేశారు కూడా.

పుస్తకం తెచ్చిన రోజు ముందుగా తీసింది ఆ పేజీనే. ఆ ఇంటిపేరుకీ పత్తికీ సంబంధమే లేదు! పత్తి అనే అర్థమున్న మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరేమో అచ్చ ఇంగ్లిష్. పాత ఇంగ్లిష్‌లో 'కోట్' అంటే గుడిసె, 'కోటుమ్' అంటే గుడిసెల దగ్గర. అలా పేరుపడ్డ ఊళ్ళు ఇంగ్లండ్‌లో బోలెడు: కోటన్, కాటన్, కాటమ్. అలాంటి ఊరి నుంచి వచ్చినవాడు కాటన్. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకేం కొత్త కాదు. 'అయితే ఆయన గుడిసెల దొరన్నమాట' అన్నాడు మావాడు.

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. ఆఫీసులో మాది ఇంగ్లండ్ క్లయింట్ల ప్రాజెక్టు. కాల్ మొదలయ్యేలోగా ఎవరు దొరికితే వాళ్ళ పేరు విప్పేవాణ్ణి. వెబ్‌స్టర్ అంటే బట్ట నేసేవాళ్ళని, బ్యాక్‌స్టర్ అంటే రొట్టెలు కాల్చేవాళ్ళని, ఆ 'స్టర్' తోక మొదట్లో ఆడవాళ్ళకు వాడేదని చెబితే అవతలివాళ్ళు నోరు తెరిచేవారు.

నాలుగేళ్ళ కిందట కొత్తగా ఒక మేనేజర్ వచ్చాడు. ఇంటిపేరు వాకర్. కెమెరాలు ఆఫ్‌లో ఉన్నాయి. వాకర్ అంటే షికారుకెళ్ళేవాడు కాదు, ఉన్నిబట్ట తొక్కేవాడు. మగ్గం మీంచి దిగిన బట్టను తొట్టిలో వేసి, జిడ్డు పోయి నేత బిగిసేదాకా కాళ్ళతో తొక్కేవారు. నిలవబెట్టిన మూత్రం కూడా పోసేవారు ఆ తొట్టిలో. ఇదే పనివాణ్ణి ఆగ్నేయాన ఫుల్లర్ అని, నైరుతిలో టకర్ అని, ఉత్తరాన వాకర్ అని పిలిచేవారు. మూత్రం సంగతి మింగేసి మిగతాదంతా చెప్పి, 'కాబట్టి మీ పెద్దలది ఉత్తర ఇంగ్లండ్, బహుశా యార్క్‌షైర్' అని తేల్చేశాను.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన నెమ్మదిగానే అన్నాడు: 'మా తాతగారు జమైకా నుంచి వచ్చారు. ఈ పేరు ఒకప్పుడు మావాళ్ళను కొన్న యజమానిదని ఇంట్లో చెప్పుకుంటారు.'

ఏసీ గదిలో చెమట పట్టింది నాకు. సారీ చెప్పి, ఆ రాత్రంతా చదువుతూ కూర్చున్నాను. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు 1834లో అమలైంది, నిజంగా విడుదల దొరికింది 1838లో. అంతకుముందు రిజిస్టర్లలో చాలామందికి ఒంటి పేరే. ఇంటిపేరు బాప్తిస్మమప్పుడో, విడుదలయ్యాకో వచ్చి చేరింది. కొందరికి తోట యజమానిది, కొందరికి ఇంకెవరిదో. నా పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. అలాగని అది తప్పు చెప్పిందనీ అనలేను.

ఆయనే పెద్దమనసుతో కొన్నాళ్ళకు మెసేజ్ పెట్టాడు: 'మా ఆవిడ పుట్టింటి పేరు టకర్. అంటే అదే పనా?' అదే పని అన్నాను. ఊరు మాత్రం చెప్పలేదు.

ఇందాక మెచ్చుకున్న ఆ సంవత్సరాలను కూడా ఇప్పుడు కాస్త అనుమానంగానే చూస్తున్నాను. 1379 జాబితాలో ఒక వాకర్ ఉంటే, ఇవాళ్టి వాకర్లందరికీ అతను మూలపురుషుడు కాడు. బట్ట తొక్కిన ప్రతి ఊళ్ళోనూ వేరేగా ఒక వాకర్ పుట్టే వీలుంది. ఒక పేరువాళ్ళు ఎటువైపు ఎక్కువో తెలియాలంటే 1881 జనగణన ఆధారంగా గీసిన మ్యాపులే నయం.

కొనాలా అంటే, నాలా మాటల పిచ్చి ఉండి, పాత పుస్తకాల్లో చవగ్గా దొరికితే తీసుకోండి. కొత్తది పూర్తి ధర పెట్టి నేనైతే కొనను. వంశవృక్షం కోసమైతే వద్దే వద్దు. అరువు అడిగేవాళ్ళకు ముందే చెబుతున్నాను, రెండుసార్లు బైండింగ్ చేయించినా నా కాపీలో చివరి పేజీలు ఊడి చేతికొస్తున్నాయి.